నర్సయ్య మగ్గం సైగలు

ఈ రోజు ఒక పూట సెలవు పెట్టి, మా బ్యాంకుకు వచ్చే నర్సయ్యతో కలిసి ఒక ప్రైవేటు బడికి వెళ్లాను. చెవులు వినపడని పిల్లల కోసమే నడిపే బడి అది. నర్సయ్య మన ఊళ్ల నుంచి ఇక్కడికి వలస వచ్చి, పాండేసర మిల్లుల వాడలో మరమగ్గం నడుపుతాడు. ఏడేళ్ల కూతురు లాస్యను అక్కడ చేర్పించాలని, మాట సాయానికి నన్ను రమ్మన్నాడు.

తెలుగు రాని అక్కడి టీచరమ్మ ముందే షరతు పెట్టింది. ఇంట్లోవాళ్లు చేతులతో మాట్లాడటం నేర్చుకుంటేనే సీటట. పన్నెండు గంటల డ్యూటీ మనిషికి తీరికెక్కడిదని నేను నచ్చజెప్పబోతుండగా, నర్సయ్య గదిలో ఆ చివర ఉన్న పిల్లకు రెండు వేళ్లు తిప్పి చూపించాడు. లాస్య కింద పడేసిన రంగు పెన్సిళ్లన్నీ ఏరి డబ్బాలో పెట్టేసింది. టీచరమ్మ నోరెళ్లబెట్టింది.

"మగ్గాల మోతల మాట వినవడది మేడం. కార్ఖానల మేమంత గిట్లనే మాట్లాడుకుంటం. పిల్లకు గూడ గదే నేర్పిన," అని నాతో అని, అదే ముక్క ఆవిడకు తన హిందీలో తనే చెప్పుకున్నాడు.

ఇక ఆవిడ అడగడం, ఆయన చూపించడం. పోగు తెగింది, సేఠ్ వస్తున్నాడు, చాయ్ తాగుదాం పద. ఎంతకీ తెమలకపోయేసరికి లాస్య విసుగ్గా రెండు చేతులూ అడ్డంగా పెట్టింది.

"ఏమంటోంది?" అన్నాను.

"మిషన్ బంద్ చెయ్యమంటుంది మేడం. నేను మస్తు మాట్లాడుతున్ననట!"

సీటు దొరికింది. మాట సాయానికి వెళ్లిన నాకు మాట్లాడే పనే పడలేదు. ఇంటికొచ్చాక, ఫోన్‌లో అరుస్తున్న మా ఆయనకు అదే సైగ చేశాను. పెళ్లయ్యాక మొదటిసారి, చెప్పగానే ఆపారు. మీ ఇళ్లలో ఏ సైగలు నడుస్తున్నాయి?