రావుగారి పొగగొట్టాలు

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మల్లికార్జునరావుగారితో ఏ మాట మొదలుపెట్టినా అది బ్రిటన్ పొగగొట్టాల దగ్గర తేలుతుంది. వంకాయ కూరతో మొదలెట్టండి, పిల్లల కాలేజీ సీట్లతో మొదలెట్టండి, మూడో మాటకల్లా ఆయన పాత ఫ్యాక్టరీ పొగగొట్టం ఒకటి ఎక్కి కూర్చుంటారు.

అమెరికా రాకముందు ఆయన రెండేళ్లు మాంచెస్టర్‌లో ఉన్నారు. అందరూ ఫుట్‌బాల్ చూసొస్తే ఆయన మూతపడ్డ నూలుమిల్లులు చూసొచ్చారు. ఇప్పుడు వాళ్ల హాల్లో, పెళ్లి ఫొటో ఉండాల్సిన చోట, నిలువెత్తు ఇటుక పొగగొట్టం ఫొటో ఉంటుంది.

"మరి పెళ్లి ఫొటో ఏదండీ?" అని ఎవరైనా అడిగితే, "లాండ్రీ రూమ్‌లో ఉంది. మేం అంత ఎత్తు లేం కదా," అంటారు ఆయన భార్య ఛాయాదేవి.

అదే ఊళ్లో ఉండే జితేందర్‌కి ఆయనంటే హడల్. ఒకసారి ఇండియన్ స్టోర్‌లో ఎదురుపడి, "ఎట్లున్నరు రావుగారూ?" అన్నాడు, అంతే. ఆయన వదిలేసరికి బండిలోని ఫ్రోజెన్ పరోటాలు పిండిముద్దలయ్యాయి. అప్పట్నుంచి ఆయన కనపడితే జితేందర్ బియ్యం బస్తాల చాటుకి వెళ్లిపోయేవాడు.

అలాంటి సమయంలో జితేందర్ ఉద్యోగం పోయింది. హెచ్‌-1బి వీసా కదా, గడువులోగా ఇంకో కంపెనీ దొరకకపోతే సామాన్లు సర్దుకోవాల్సిందే. సోమవారం ఒక ఇంటర్వ్యూ ఉంది. ఈలోగా జగన్మోహన్‌గారింట్లో సత్యనారాయణ వ్రతం వచ్చిపడింది.

"నేను రాను. ఒక్కరు జాబ్ గురించి అడిగినా సోమవారం నాకు నోరు పెగలదు," అన్నాడు భార్యతో.

"వ్రతానికి పిలిస్తే పోకుంటెట్ల? ఎవ్వరడగరు, నడువు," అంది చంద్రిక.

బేస్‌మెంట్‌లో కథ ముగిసి ప్రసాదం చేతికొచ్చిందో లేదో, జగన్మోహన్‌గారు అడగనే అడిగారు. "ఏం జితేందర్, మీ కంపెనీలో లేఆఫ్‌లట. నువ్వు సేఫేనా?"

అన్ని తలలూ ఇటు తిరిగాయి. జితేందర్ రవ్వ ప్రసాదం ఇంకో చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"లేఆఫ్ అంటే గుర్తొచ్చింది," అంటూ రావుగారు జగన్మోహన్‌గారి భుజం పట్టుకున్నారు. "గ్లాస్గోలో నాలుగొందల యాభై అడుగుల పొగగొట్టం కడుతుంటే పెద్ద గాలికి పక్కకి ఒరిగింది. మీరు సివిల్ ఇంజనీర్ కదా, ఎలా నిలబెడతారు?"

"తాళ్లు కట్టి లాగుతాం."

"కూలిపోతుంది. ఒరిగిన పక్క చెయ్యి వెయ్యకూడదండీ. ఎదుటిపక్క ఇటుకల సందుల్లో రంపం పెట్టి కొంచెం కొంచెం కోశారు. దాని బరువుకి అదే మెల్లగా నిటారుగా లేచింది."

జగన్మోహన్‌గారు ప్లేట్లు సర్దే వంకతో మేడెక్కేశారు. తరువాత ఇంకొకాయన వీసా సంగతి ఎత్తబోతే, గాలిపటం ఎగరేసి పొగగొట్టం కొసకి తాడు ఎలా వేసేవారో చెప్పి ఆయన్నీ సాగనంపారు. జితేందర్‌కి అప్పుడు వెలిగింది. ఆ రోజు స్టోర్‌లోనూ తన గ్రీన్‌కార్డ్ ఎంతదాకా వచ్చిందని ఆరా తీయబోయిన ఒకాయన, పొగగొట్టం మాట వినగానే బండి తిప్పుకుని పోయాడు.

చెప్పులు వేసుకునే చోట జితేందర్ అడిగాడు. "రావుగారూ, నా సంగతి మీకు ముందే ఎరుకనా?"

"నాకు పొగగొట్టాలు తప్ప ఏం తెలుసు బాబూ," అని ఆయన కారు తియ్యడానికి వెళ్లిపోయారు.

ఛాయాదేవి నవ్వారు. "చంద్రిక నాకు చెప్పింది, నేను ఈయనకి చెప్పాను. మాంచెస్టర్‌లో ఈయన ఉద్యోగం పోయినప్పుడు అడగని మనిషి లేడు. ఏమీ అడగనివి అవేనని రోజూ ఆ పొగగొట్టాల కిందే తిరిగేవారు."

సోమవారం జితేందర్ నోరు బాగానే పెగిలింది. ఉద్యోగమూ వచ్చింది.

ఆ తరువాత, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి రావుగారు జలుబుతో గొంతు పోయి, మెడకి మఫ్లర్‌తో వచ్చారు. అక్కడ ఒక పెద్దావిడ కావ్యశ్రీ అనే అమ్మాయిని పట్టుకున్నారు. "పెళ్లయి ఇన్నేళ్లయింది, ఇంకా విశేషమేమీ లేదా?"

కావ్యశ్రీ తల దించుకుంది. రావుగారు నోరు తెరిచారు, గాలి తప్ప మాట రాలేదు. బెంగగా చుట్టూ చూశారు.

జితేందర్ ప్లేటు కిందపెట్టి ఆ పెద్దావిడ పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"విశేషమంటే యాదికొచ్చింది ఆంటీ. గ్లాస్గోల ఒక పొగగొట్టం ఉండె, మూడొందల అడుగులది..."

వెనకనుంచి రావుగారు అరచెయ్యి పైకెత్తి, ఇంకా ఎత్తు, ఇంకా ఎత్తు అని సైగ చేస్తూనే ఉన్నారు.