చుక్క పెట్టని వాక్యం

మా కాలేజీ లైబ్రరీ వెనక, మెట్ల కింద ఒక ఇరుకు గది ఉంది. అందులో కూర్చుని చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే ఆవిడను అందరూ బైండింగ్ అక్క అంటారు. నాకంటే పదేళ్లు చిన్నదే అయినా నేనూ అక్కా అనే పిలుస్తాను. ఆమె వేళ్లకు ఎప్పుడూ ఎండిన జిగురు అంటుకుని ఉంటుంది. చదివింది పదో తరగతి. ఆ కొద్దిపాటి చదువే ఆమెకు ఇంకో పని తెచ్చిపెట్టింది. చూపులేని విద్యార్థులు పరీక్షలో జవాబులు చెబుతుంటే పక్కన కూర్చుని రాసేవాళ్లు కావాలి. రాసే మనిషి ఆ విద్యార్థి కంటే తక్కువ చదివి ఉండాలన్నది నిబంధన. ఎక్కువ తెలిస్తే చెయ్యి ఊరుకోదని పెద్దల భయం. ముత్యాల్లాంటి దస్తూరీ, నోట్లో నాలుక లేని మనిషి, పైగా పదో తరగతి. ఇంతకంటే ఎవరు దొరుకుతారు? పధ్నాలుగేళ్లుగా ఆ కుర్చీ ఆమెదే.

నా సంగతీ కొంచెం చెప్పాలి. ఇరవై ఆరేళ్లుగా నేను ఒకే నాటకం చెబుతున్నాను. నాలుగు వందల ఏళ్ల కిందట, ఒక రాణిగారి కాలంలో ఇంగ్లీషులో పుట్టిన విషాద నాటకం. మా పిల్లలు అనువాదంలో చదువుతారు. పగబట్టిన రెండు కుటుంబాలు, అటొకరు ఇటొకరుగా ప్రేమించుకున్న అబ్బాయి, అమ్మాయి. అమ్మాయి చచ్చినట్టు నిద్రపుచ్చే మందు తాగుతుంది. అది చావు కాదు, నిద్రేనని చెప్పే ఉత్తరం అబ్బాయికి చేరదు. అతను విషం తాగుతాడు. ఆమె లేచి చూసి కత్తితో పొడుచుకుంటుంది. కథ ఇంతే. మొదట్లో చివరి అంకం చెబుతూ కళ్లు తుడుచుకునేదాన్ని. తర్వాత్తర్వాత, ఏటా మూడు వందల మంది ఒకే గైడులోంచి ఒకే ముక్క దించేస్తుంటే చదవలేక, ఆ ఇద్దరూ ఎప్పుడు పోతారా, నేనెప్పుడు ఇంటికి పోతానా అని చూసే స్థితికి వచ్చాను. పిల్లలు నన్ను చాటుగా ‘ఎర్రసిరా’ అంటారు. నాకు తప్పు కనబడితే చాలు, వాక్యం పూర్తికాకముందే గీత పడిపోతుంది. ఓపిక అనేది నాకు దేవుడు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

బైండింగ్ అక్క ఆ నాటకాన్ని ఎన్నడూ చదవలేదు. ఆ పుస్తకానికి యాభైసార్లు అట్ట వేసి ఉంటుంది, పేజీ మాత్రం తిప్పలేదు. ‘చదివితే తప్పొప్పులు తెలిసిపోతాయి మేడం, అప్పుడు చెయ్యి ఆగుతుంది’ అనేది. కానీ ఎన్నాళ్లని తప్పించుకుంటుంది? పిల్లలు చెప్పే జవాబుల్లోంచే కథంతా ఆమె చెవిన పడింది. అదీ తలకిందులుగా. ఒకడు ముందు చావులు చెప్పి తర్వాత పెళ్లి చెబుతాడు, ఇంకొకడు కత్తియుద్ధం దగ్గరే మూడు గంటలూ గడిపేస్తాడు. పేజీలు కలిసిపోయిన పుస్తకాన్ని సర్దినట్టు దాన్ని వరసలో పెట్టుకుని, పరీక్షలన్నీ అయ్యాక ఇంట్లో అత్తగారికి చెప్పేదట. ఆవిడకు అక్షరం రాదు, కథలంటే ప్రాణం. ఏటా పరీక్షలు ముగిసిన రోజున కోడలు గుమ్మంలో అడుగు పెట్టడం ఆలస్యం, ‘ఏమే, ఆ ఉత్తరం ఈసారైనా చేరిందా?’ అని అడిగేదట.

‘లేదత్తయ్యా.’

‘మోసుకెళ్లినవాడి కాళ్లు విరగ్గొట్టాలి!’

ఆ ఉత్తరంతోనే బైండింగ్ అక్కకు మొదటి ఏడాది పెద్ద తంటా వచ్చింది. అప్పుడొక అబ్బాయి జవాబు చెబుతూ చెబుతూ ‘ఉత్తరం రాలేదు’ అన్నాడు. ఈమె పెన్ను పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంది. ఐదు నిమిషాలయ్యాక అతను ‘రాశారా అక్కా?’ అన్నాడు.

‘ఏం రాయను బాబూ? రాలేదన్నావుగా. పోనీ, వచ్చే ప్రశ్న చెప్పు.’

ఉత్తరమంటే జవాబనుకుని, పాపం, అది తనకు రాలేదని ఒప్పుకుంటున్నాడనుకుంది! అతనూ నవ్వాడట గానీ, పోయిన ఐదు నిమిషాలు తిరిగి రావు కదా. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు పొల్లుపోకుండా రాయడమే తన పని, దానికి అర్థం చెప్పుకోవడం తన పని కాదు అని.

ఇక ఆమె చేత పరీక్ష రాయించుకున్న ఒక అమ్మాయి సంగతి. ఇరవై మూడేళ్లుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది గానీ, ఈ నాటకం పేపరు రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ ఏడాది ప్రశ్నపత్రం తయారుచేసింది నేనే. ప్రత్యేక గదికి కాపలా కూడా నాకే పడింది. పాత పరికరాలు పెట్టే గది, ఒక కిటికీ, కిర్రుమనే ఫ్యాను, రెండు కుర్చీలు. పక్కనుంచి చిన్న సూచన అందినట్టు తేలినా పేపరు రద్దు.

మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయి, ‘అక్కా, నేను చుక్క అంటేనే చుక్క పెట్టండి. పోయినసారి వేరే సెంటర్లో రాసినాయన నా మాట మధ్యలో ఎక్కడపడితే అక్కడ చుక్కలు పెట్టేశాడు. నేను చెప్పింది ఒకటి, కాగితం మీద పడింది ఒకటి’ అంది.

‘అలాగేనమ్మా.’

రెండుంపావు గంటలు సాఫీగానే గడిచాయి. చివరికి ఇరవై మార్కుల ప్రశ్న మిగిలింది. బైండింగ్ అక్క చదివి వినిపించింది. ‘ఉత్తరం చేరకపోవడం ఈ నాటకానికి ఎంతవరకు అవసరం?’

ఆ అమ్మాయి బల్ల అంచును వేళ్లతో చివరిదాకా తడిమింది. తర్వాత నెమ్మదిగా, ‘రాయండక్కా. ఉత్తరం చేరింది’ అంది.

చేరలేదని ప్రశ్నలోనే ఉందే! ఇరవై మార్కులు గోవిందా, సీటు గోవిందా. ఒక్కసారి దగ్గితే చాలు, తెలివైన పిల్ల, సర్దుకుంటుంది. నా చెయ్యి నోటిదాకా వెళ్లింది కూడా. అప్పుడు బైండింగ్ అక్క తలెత్తి నా వైపు చూసింది. పధ్నాలుగేళ్లలో నా ముందు కళ్లెత్తి మాట్లాడని మనిషి. వద్దు, అన్నాయి ఆ కళ్లు. నా చెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది.

ఆమె రాసింది. నేను వెళ్లి వెనక నిలబడ్డాను. ‘ఉత్తరం చేరింది’ అని నల్లగా, గుండ్రంగా ఉంది. అది తప్పని ఆమెకు తెలుసు. ఏటా అత్తగారికి చెబుతున్నదే కదా. పెదవి పంటికింద నొక్కిపట్టింది. పెన్ను మొన చివరి అక్షరం పక్కనే, కాగితానికి వెంట్రుకవాసి ఎత్తులో ఆగి ఉంది. ఎవరి చెయ్యైనా అలవాటుగా ఒక చుక్క పెట్టేస్తుంది. నేనైతే ఆ పాటికి ఎర్రగీత కూడా కొట్టేసి ఉందును. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ఆ మొన దిగలేదు.

‘...అని,’ అంది ఆ అమ్మాయి, ‘ఈ నాటకం చూసే ప్రతివాళ్లూ, ముగింపు తెలిసి కూడా, ప్రతిసారీ ఒక్క క్షణం నమ్ముతారు. చుక్క.’

అప్పుడు పడింది చుక్క.

‘చేరి ఉంటే మనం సంతోషంగా ఇంటికెళ్లి మర్చిపోయేవాళ్లం. చుక్క. చేరలేదు కాబట్టే అది ఇంకా దారిలో ఉంది. చుక్క. మోసుకెళ్లినవాడు మధ్యలో ఆగిపోయాడు, కామా, అక్కడినుంచి దాన్ని మోసే పని చూసేవాళ్ల మీద పడింది. చుక్క.’

ఇరవై ఆరేళ్లు చెప్పాను, ఈ మాట నాకు తట్టలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాను. ఏడ్చానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆ పిల్ల తప్పిన రెండుసార్లలో ఒకసారి ఆ పేపరు నా దగ్గరికే వచ్చిందేమో. పేర్లుండవు, నంబర్లే. సగం వాక్యం చదివి ఎన్నింటిని కొట్టేశానో ఎవరు చెప్పొచ్చారు?

గంట మోగింది. కాగితాలు కవర్లో పెట్టి సీలు వేశాక, వరండాలో బైండింగ్ అక్కను ఆపాను.

‘తప్పని తెలిసి కూడా అంత నిబ్బరంగా ఎలా రాశావు?’

‘నిబ్బరమా! ఆ పిల్ల సీటు పోతుందేమోనని కొట్టేద్దామనిపించింది మేడం. కానీ...’

‘కానీ?’

‘చుక్క చెప్పలేదుగా.’

ఏదో మామూలు సంగతి అన్నట్టు, జిగురు ఎండిపోతుందని చెప్పి గబగబా మెట్ల కిందికి వెళ్లిపోయింది. నేనక్కడే నిలబడిపోయాను. మనిషికి అంత ఓర్పు ఉంటుందని నేను పుస్తకాల్లో కూడా చదవలేదు.

ఇరవై రోజులకు ఫలితాలొచ్చాయి. ఆ పేపరు దిద్దినవారెవరో గానీ వాక్యం చివరిదాకా చదివారు. డెబ్బై నాలుగు మార్కులు. ఆ అమ్మాయి ఫోను చేసి ముందు బైండింగ్ అక్కతో మాట్లాడాకే నాతో మాట్లాడింది. నాకు బాగానే అనిపించింది, వరస అదే కదా.

సాయంత్రం మెట్ల కింద గదికి వెళ్లాను. పాత నిఘంటువుకి వెన్ను కుడుతోంది.

‘మీ అత్తగారు ఈసారి అడగలేదా?’

‘అడక్కుండా ఉంటారా? పరీక్షలైన రోజు చెప్పులైనా విప్పనివ్వలేదు.’

‘ఏం చెప్పావు?’

ఆమె దారాన్ని పంటితో తెంపింది. ‘చేరింది అన్నాను.’

‘అమ్మో! మరి ఆవిడ?’

‘ఆవిడ మొహం చూడాల్సింది మేడం,’ అంది. ‘ఆ తర్వాత నేనింకేమీ చెప్పలేదు.’