కాడి దించనివ్వని అయ్యగారు

బస్తర్ ఇంకా రాజుల ఏలుబడిలో ఉన్నప్పుడు, భోపాల్‌పట్నం దగ్గర మా ఊరి చర్చికి ఒక అయ్యగారు ఉండేవారు. ఆయన నడిపే బడిలో నేను పంతుల్ని. అలసిపోయి ఎవరు చతికిలబడినా ఆయన చూపుడువేలు లేచేది: "విశ్రాంతి అంటే గ్రీకులో అది కాదు!"

గ్రీకులో రెండు మాటలున్నాయట. కతాపౌసిస్ అంటే పని ఆపెయ్యడం. అనాపౌసిస్ అంటే బరువు మోస్తూనే ఊపిరి తీసుకోవడం. బైబిల్లో తన కాడి మొయ్యమని, విశ్రాంతి ఇస్తానని ప్రభువు అన్నది ఈ రెండోదేనట. వారమంతా దున్నిన కూలీలను కూర్చోబెట్టి, ఆదివారం పొద్దువాలేదాకా ఇదే చెప్పేవారు. వాళ్లకు ఉన్న ఒక్క విశ్రాంతీ దాంతో సరి!

ఒకసారి మండుటెండలో బండివాడు ఎడ్లను విప్పబోతే అడ్డుపడ్డారు.

"కాడి దించకు. కాసేపు నిలబెట్టు, చాలు."

"ఏంది అయ్యగారూ! నురగలు కక్కుతున్నయ్. ఎడ్లకు మీ గ్రీకు సమజ్ గాదు."

వాడు విప్పేశాడు. ఈయన విసవిసా నడక సాగించారు. తిట్టుకుంటూ గొడుగు పట్టుకుని వెనకాల పరిగెత్తింది నేను.

మా ఊళ్లో ఎవరైనా పోతే మట్టి చెయ్యడం అయ్యేదాకా ఎవరూ అరక కట్టరు. ఆ ఆచారమంటే ఆయనకు ఒళ్లుమంట. సరిగ్గా విత్తనాల అదునులో, జ్వరమొచ్చి ఆయనే పోయారు. చర్చి మొహం చూడనివాళ్లు కూడా అరకలు విప్పేసి వచ్చారు. నేల పదును పోతుందయ్యా అన్నాను బండివాడితో.

"ఊకో పంతులూ, అయ్య పండుకున్నడు" అన్నాడు బండివాడు.

ఊరంతా కాడి దించుకున్న ఎడ్లు, గోడకానిన కాడిమాన్లు. ఇది ఆ రెండు మాటల్లో ఏదో చెప్పాల్సిన మనిషి మాత్రం, తీరా అవసరమైన రోజున, వేలైనా ఎత్తకుండా పడుకున్నారు.