గల్లీ అంతా లేదన్న మనిషి

మా మేనత్త పోయింది. ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజు పొద్దున ఫోన్ వచ్చినప్పుడు నేను స్కూల్లో పిల్లల హాజరు తీసుకుంటున్నాను. గుండె ఆగిందని, వచ్చి సంతకాలు పెట్టమని చెప్పారు. ఆ తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్లంతా నాతో ఒకే మాట అన్నారు. అదృష్టవంతురాలట, సొంతిల్లు చూసుకొని పోయిందట. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. అది అదృష్టం ఇచ్చిన ఇల్లు కాదు, ఇవ్వం పొమ్మన్నవాళ్ల మీద గెలిచి తెచ్చుకున్న ఇల్లు. అందులో ఆమె ఉన్నది ఒక వానాకాలం, ఒక చలికాలం. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

సంతోష్‌నగర్ వెనక ఒక గల్లీలో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఆమె పెరుగు అమ్మేది. బార్కస్ వైపు ఒక బర్రెల కొట్టం నుంచి పాలు తెప్పించి మట్టి కుండల్లో తోడు పెట్టేది. మూత తీయకుండానే, మడిచిన వేళ్లను కుండకు ఆనించి తోడుకుందో లేదో చెప్పేది. దీపాలు పెట్టాక పెరుగు గడప దాటకూడదని మనవాళ్ల పట్టింపు. ఆమె మాత్రం ఎవరడిగినా ఇచ్చేది. ఇదేంటి అత్తమ్మా అంటే, "ఆకలికి పొద్దు తెల్వది బిడ్డా" అనేది. ఆమెకు పిల్లలు లేరు. మా అమ్మ పనికి పోయేది కాబట్టి నా చిన్నతనమంతా ఆ కుండల మధ్యే గడిచింది. నేను తిన్న అన్నంలో సగం ఆమె కలిపి పెట్టిందే.

మామ పోయిన రోజున ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడి, శవాన్ని లోపలికి తేవద్దన్నాడు. హైదరాబాదులో కిరాయికి ఉండేవాళ్లకు ఈ రూలు కొత్త కాదు. ఇల్లిచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు, అంతే. పెళ్లి చేసుకోవచ్చు, పురుడు పోసుకోవచ్చు, చావు మాత్రం రోడ్డు మీద చేసుకోవాలి. ఏళ్ల తరబడి ఒకటో తారీఖు తప్పకుండా కిరాయి కట్టిన మనిషిని కరెంటు స్తంభం పక్కన టెంటు కింద పడుకోబెట్టాం. స్కూటర్లు ఆయన కాళ్లను రాసుకుంటూ పోయాయి. ఒకడు హారన్ కూడా కొట్టాడు. ఆ హారన్ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

దినాలు అయిపోయాక అత్తమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, "నేను సస్తే నన్ను రోడ్డు మీద పండవెట్టొద్దు బిడ్డా. నా ఇంట్లకెల్లే తీస్కపోవాలె" అంది. కుండలు పెట్టుకునే జాగా ఇంకెక్కడా దొరక్క అదే ఓనరుకు కిరాయి కడుతూ ఉండిపోయింది. కానీ ఆ రోజు నుంచి ఆమెకు బతుకులో కావలసింది అదొక్కటే.

ఇక్కడ మా గల్లీ అలవాటు ఒకటి చెప్పాలి. చంకలో ఫైలు పెట్టుకున్న కొత్త మనిషి వచ్చి ఎవరి పేరైనా అడిగితే, తెలియదనడం మా దగ్గర మర్యాద. ఫైనాన్సువాళ్లు ఎవరి బండి ఎత్తుకుపోయారో, ఎవరి ఫ్రిజ్ మోసుకుపోయారో కళ్లారా చూసిన గల్లీ అది. ఈ విద్యలో అందరికీ గురువు మా అత్తమ్మే. ఒకసారి వసూలు మనుషులు పక్కింటి ఆటో డ్రైవరు కోసం వచ్చారు. అతను లోపల గురక పెడుతున్నాడు. ఈమె గరిటెతో పెరుగు తీస్తూనే, అతను భార్యాపిల్లలతో సహా ఊరొదిలి ఏడాదయిందని చెప్పి పంపేసింది. "అడిగెటోడు ఎవడో తెల్వకముందు ఉన్నోళ్ల ముచ్చట చెప్పొద్దు" అని అందరికీ నూరిపోసింది. గల్లీ ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

చిట్టీలు వేసి వేసి కొంత కూడబెట్టాక, జల్‌పల్లిలో ఒక చిన్న ఇల్లు నచ్చి బయానా ఇచ్చింది. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేసుకోకపోతే బయానా తిరిగి రాదని మాట. మిగిలిన డబ్బు కోసం ఇళ్లకు అప్పులిచ్చే ఒక ప్రైవేటు కంపెనీకి వెళ్లాం. నాది నెల జీతం కాబట్టి నేనూ ఆమెతో కలిసి సంతకం పెట్టాను. అద్దాల ఆఫీసులో మమ్మల్ని బాగానే కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు. ఒక మనిషి ఇంటికొచ్చి చూసి పోతాడన్నారు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు.

వచ్చాడు. ఆమె పాల డబ్బులు ఇవ్వడానికి బార్కస్ పోయిన మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఫోన్ చేస్తే పోయేదా? చేయలేదు. మేమంతా ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచే ఎదురింటి ముస్లిం ఆవిడను అడిగాడు. మా అత్తమ్మతో పొద్దున చాయ్ తాగనిదే రోజు మొదలుపెట్టని ఖాలా, అలాంటి ఆడమనిషి ఇక్కడెవరూ లేరంది. మూలమీది కిరాణా సేటును అడిగాడు. రోజూ ఆమె పెరుగుతో అన్నం తినే సేటు, ఈ గల్లీలో పెరుగమ్మేవాళ్లే లేరన్నాడు. వచ్చినవాడు తాళం వేసిన తలుపును ఫోటో తీసుకొని పోయాడు.

లోన్ రాదని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఎందుకు రాదో అందులో లేదు. ఇద్దరం పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వెళ్లాం. మేనేజరు కంప్యూటరులో చూసి, ఆ చిరునామాలో మీరు ఉండడం లేదని రిపోర్టు వచ్చిందన్నాడు.

"ఉంటున్న సార్. పెండ్లయిన కాడికెల్లి గాడ్నే ఉంటున్న. రేపు పొద్దుగాల మనిషిని తోలుండ్రి, గల్లీ గల్లంత చెప్తది" అంది అత్తమ్మ.

"రిపోర్ట్ ఒకసారి క్లోజ్ అయితే అంతే అమ్మా. ఆరు నెలలాగి మళ్లీ అప్లై చేసుకోండి."

ఇంకోసారి మనిషిని పంపితే మీ సొమ్మేం పోతుందని నేను గొంతు పెంచాను. అతను మాత్రం గొంతు తగ్గించాడు. "మేడమ్, మీరు చదువుకున్నవాళ్లు. ఆ ఏరియా సంగతి మీకు తెలుసు కదా" అన్నాడు. నాకు తెలుసు. పుట్టి పెరిగింది అక్కడే. తెలియనిది అతనికి. ఆ గల్లీలో ఒక మధ్యాహ్నం పది నిమిషాలు నిలబడి ఒక మనిషి బతుకు మీద గీత కొట్టేసిన వాళ్లకు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషిని చూస్తూ, నువ్వు లేవని చెప్పడానికి ఎంత పొగరుండాలి?

ఇంటికొచ్చేసరికి ఖాలా గుమ్మంలోనే సంబరంగా ఎదురైంది. ఫైలు పట్టుకొని ఒకడొచ్చాడని, తానే పంపేశానని చెప్పి, "ఫికర్ మత్ కర్ అక్కా, గల్లీల ఒక్కడు గూడ నోరిప్పలే" అంది. అత్తమ్మకు విషయం అర్థమైంది. గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను ఖాలా మీదికి నోరెత్తబోతే నా చెయ్యి పట్టుకొని గుంజింది.

"ఆమెనెందుకంటవు? ఆమె నన్ను కాపాడింది. నోరుంటే ఆ ఆఫీసోన్ని అను."

అంటున్నాను అత్తమ్మా. ఆ రోజు సరిపోలేదు, అందుకే ఈ రోజు కూడా అంటున్నాను.

గడువు దాటింది. బయానా పోయింది. ఆ ఇల్లు ఇంకెవరో కొనుక్కున్నారు. ఆమె మళ్లీ చిట్టీ మొదలుపెట్టింది, ఇంకో నాలుగు కుండలు పెంచింది. ఏడాదిన్నర అలా మోసింది. మెట్లెక్కితే ఆయాసం రావడం ఆ రోజుల్లోనే మొదలైంది. డాక్టరు దగ్గరికి పోదామంటే, ఇల్లయినంక పోదామనేది. ఆ కంపెనీ మనిషి ఇంకోసారి వచ్చి చూసి ఉంటే ఆమె ఇంకొన్నాళ్లు ఉండేదని నేను రుజువు చేయలేను. అలా అనుకోవద్దని మాత్రం నాకెవరూ చెప్పకండి.

రెండోసారి ఒక బ్యాంకుకు వెళ్లాం. ఈసారి నేను పంతం పట్టాను. వస్తే పొద్దున ఆరింటికి, ఆమె పనిచేసే వేళకు వచ్చి చూడమన్నాను. అక్కడి ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి, కాసేపు ఆలోచించి సరేనంది. ముందురోజు అత్తమ్మ ఇంటింటికీ తిరిగి, ఈ ఒక్కసారికి నేనున్నానని చెప్పండని బతిమాలింది. మరి మా గల్లీకి అబద్ధమైనా నిజమైనా కొంచెంగా చెప్పడం చేతకాదు. గిన్నెలు పట్టుకొని నిలబడ్డ వరసలోంచి ఒక్కొక్కరూ ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు. సేటు దుకాణం వదిలేసి వచ్చాడు. ఖాలా ఆ అమ్మాయిని చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి, చాయ్ పోసి, అత్తమ్మ పెళ్లినాటి నుంచి మొదలుపెట్టింది. నమ్ముతున్నాను, ఇక చాలమ్మా అని ఆ అమ్మాయే చేతులు జోడించింది. లోన్ వచ్చింది. వడ్డీ కొంచెం ఎక్కువే. మొదటి దానికంటే చిన్న ఇల్లు, జల్‌పల్లిలోనే ఇంకా లోపలికి.

ఆ ఇంట్లో కుండలన్నీ సర్దుకున్నాక సాయంత్రాలు ఆమె ఏ పనీ పెట్టుకునేది కాదు. హాలు మధ్యలో కాళ్లు చాపుకొని కూర్చునేది. "ఈడికెల్లి ఎవ్వడు లెవ్వమనడు" అనేది.

ఆసుపత్రిలో సంతకాలయ్యాక ఆమెను అంబులెన్సులోకి ఎక్కించారు. డ్రైవరు తలుపు వేస్తూ, అందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు.

"సొంతిల్లా అక్కా, కిరాయిదా? కిరాయిదైతే సీదా శ్మశానంకే పోదాం. మల్ల ఆడ ఓనరుతోని లొల్లి ఎందుకు?"

"సొంతిల్లే" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పక్క అంబులెన్సు దగ్గర ఏడుస్తున్నవాళ్లు ఏడుపాపి నా వైపు చూశారు.

జల్‌పల్లికి పాత గల్లీ మొత్తం ఆటోల్లో వచ్చింది. హాలు నిండి మెట్ల మీద కూర్చున్నారు. మా బాబాయి రెండుసార్లు గడియారం చూసి, పొద్దు గూకకముందే తీసుకుపోవాలన్నాడు. ఇంకాసేపు ఉండనీయమన్నాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాను. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. నట్టింట్లో చాప మీద, నిండా కాళ్లు చాపుకొని ఆమె పడుకొని ఉంది. పక్కన ఖాలా కూర్చొని, ఒక్క ఈగనూ వాలనీయకుండా తన దుపట్టా అంచుతో విసురుతూనే ఉంది.