వేడిగా ఉన్న బండి

టమాటా గంపలో పై వరుసను నమ్మకుండా చెయ్యి లోపలికి పెట్టి అడుగు కాయ తీసి చూసే రకం నేను. గ్యాసు సిలిండర్ తెచ్చిన మనిషిని వాకిట్లోనే నిలబెట్టి సీలు చూస్తాను, తూకం వేయమంటాను. మందుల షాపులో మాత్రల పట్టీ వెనక్కి తిప్పి తేదీ చదివాకే చేతికి తీసుకుంటాను. ఇంట్లోవాళ్ళు దీన్ని రోగం అంటారు, నేను జాగ్రత్త అంటాను. అలాంటిదాన్ని పాత స్కూటర్ కొనడానికి బయలుదేరానంటే అవసరం ఎంతగా మెడ మీదికి వచ్చిందో మీరే ఊహించుకోండి.

తమిళనాడు ధర్మపురిలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీసే పని నాది. పరగడుపున షుగర్ పరీక్షకు వచ్చేవాళ్ళు ఆరున్నరకే బెంచీల మీద కూర్చుని ఉంటారు. ఏడింటికల్లా నేను సూది పట్టుకోవాలి. మా ఇల్లు పాలకోడు రోడ్డులో, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోవాలి. పొద్దున వచ్చే టౌన్ బస్సు ఒకరోజు ముందే వెళ్ళిపోతుంది, ఒకరోజు అసలు రాదు. ఆ నెలలో నాలుగోసారి ఆలస్యంగా వెళ్ళినప్పుడు ల్యాబు యజమాని కోప్పడలేదు. "కష్టంగా ఉంటే చెప్పమ్మా, ఇంకొకరిని చూసుకుంటాను" అని మెత్తగా అన్నాడు. అరిచి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. పదకొండేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం అది, ఈ వయసులో నన్ను కొత్తగా ఎవరూ పనిలో పెట్టుకోరు.

కొత్త బండి మా వల్ల కాదు. ఫోనులో ఒక ప్రకటన కనబడింది. గేర్లు లేని చిన్న స్కూటర్, ఒకే ఓనరు, తక్కువ తిరిగిన బండి అని రాశారు. ఇలాంటి మంచి మాటలు వరసగా కనబడితే నాకు అనుమానం ముందు పుడుతుంది. అమ్మే ఆయనకు ఫోన్ చేసి, మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని తమిళంలో ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆ కిటుకు మా అన్న నేర్పాడు. అన్న పాలకోడు మార్కెట్టు నుంచి టమాటా వ్యాను తోలుతాడు. చల్లారిన ఇంజను ఎలా అందుకుంటుందో చూస్తేనే దాని సంగతి తెలుస్తుందట. లోపమున్న బండిని ముందే వేడి చేసి పెట్టి అంటగడతారట.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇళ్ళలో తెలుగు, గడప దాటితే తమిళం. బజారులో బేరం చేసేటప్పుడు అసలు మాటలు మాత్రం తెలుగులోనే అనుకుంటాం, అవతలివాళ్ళ ముందే, నవ్వు మొహంతో. అయితే ముందు ఒక పరీక్ష పెడతాం. మామూలు గొంతుతో "నీ చెప్పు కింద జెర్రి పోతా ఉండాది" అంటాం. అవతలి మనిషి కిందికి చూస్తే తెలుగు వచ్చినట్టు, చూడకపోతే మాకు అడ్డు లేదు. తేలు అనకూడదు, తమిళంలోనూ దాదాపు అదే మాట. అందుకే మా పెద్దలు జెర్రిని పెట్టారు.

అన్నను తోడు తీసుకుని వెళ్ళాను. అమ్మే ఆయన ఇల్లు పెన్నాగరం రోడ్డు పక్క సందులో ఉంది. అరవైకి దగ్గరున్న మనిషి, "వాంగమ్మా" అని మర్యాదగా పిలిచాడు. అంత మర్యాద దేనికో అనుకున్నాను. స్కూటర్ మెరిసిపోతూ ఉంది. సీటుకు పాలిష్, కాళ్ళు పెట్టే చోట కొత్త రబ్బరు పట్టా. తుప్పును దాచడానికే ఆ పట్టా అని పైకెత్తి చూశాను, తుప్పు లేదు. అన్న టైరు నొక్కుతూ జెర్రి మాట అన్నాడు. ఆయన కదల్లేదు, పైపెచ్చు మా ఇద్దరినీ చూసి నవ్వాడు.

అంతలో నా చెయ్యి సైలెన్సర్‌కు తగిలి చుర్రుమంది.

"కాలిపోతా ఉండాదన్నా," అన్నాను, నవ్వు చెదరకుండా. "వద్దని చెప్పినా వేడి చేసి పెట్టినాడు."

"చల్లగా ఉంటే స్టార్ట్ కాదు, అందుకే," అన్నాడు అన్న.

ఆర్‌సీ బుక్కు అడిగాను. అందులో ఆడమనిషి పేరుంది. భార్యది అన్నాడాయన. ఆమె బయటికి రారా అని అడిగితే, లోపలే ఉంది, వచ్చే వీలు లేదు, సంతకం పెట్టించుకొస్తానన్నాడు. గుమ్మానికి పరదా వేలాడుతూ ఉంది. పరదా వెనక్కి తీసుకెళ్ళి సంతకం పెట్టిస్తాడట! నాకు ఒళ్ళు మండింది.

"ఆ యమ్మకు తెలిసే అమ్ముతా ఉండాడా అన్నా? మొగం చూడు ఎట్లుందో. పెండ్లాం నగలు గూడా ఇట్లనే అమ్మి తినింటాడు."

అన్న నవ్వాడు. ఆయన కూడా మర్యాదకు నవ్వాడు.

పరదా వెనక నుంచి ఒక ఆడగొంతు తెలుగులో అడిగింది.

"జెర్రి పోయిందామ్మా?"

ఆమె గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. నాకన్నా పదేళ్ళు పెద్దదై ఉంటుంది. కళ్ళు నా వైపే ఉన్నాయి కానీ నా మీద నిలవలేదు.

"మాది పాపిరెడ్డిపట్టి పక్క. మా ఇంట్లోనూ జెర్రి అనే చెప్తారు," అంది. "ఆయనకు మన మాట రాదు. ఆయన్ని ఏమీ అనొద్దండి. బండి వేడి చేసింది నేను. స్టార్ట్ చెయ్యొద్దన్నారని ఆయన చెప్పినాడు, నేనే వినలేదు. షుగరు కండ్లకెక్కింది. రెండేండ్లాయె నేను బండి ముట్టి. బండి పోయేముందర ఒకసారి తోలతానంటిని. నేను ముందర కూర్చుంటిని, ఆయన వెనక కూర్చుని హ్యాండిలు పట్టుకున్నాడు. యాక్సిలేటర్ నేనే తిప్పినా. సందు కొన దాకా పోయొచ్చినాము."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆపలేదు.

"మా అమ్మ పోయినాక ఈ వాకిట్లో తెలుగు విన్లేదు. మీ గొంతు వినబడతానే, మనవాళ్ళు వచ్చినారని లేసి వస్తా ఉంటిని. అంతలో నగల మాట వచ్చింది."

అన్న తల దించుకున్నాడు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఏం మాట్లాడుకుంటున్నారని ఆయన తమిళంలో ఉత్సాహంగా అడిగాడు. మా ఊరివైపు వాళ్ళట, ఊరి సంగతులు అడుగుతున్నానని ఆమె చెప్పింది. ఆయన ఎంతో సంబరపడి లోపలికి వెళ్ళి మాకు మజ్జిగ తెచ్చాడు. ఆ మజ్జిగ తలెత్తకుండానే తాగేశాను. ఇక బేరం ఆడలేదు. ఆమె వేలు పట్టుకుని కాగితం మీద చోటు చూపించాడాయన, ఆమె సంతకం పెట్టింది. క్షమించమని ఒక్క మాట అనాల్సింది. అనకుండానే బండెక్కి వచ్చేశాను.

ఇంత జరిగినా నా బుద్ధి పోలేదు. అదంతా కట్టుకథేమో, ఆ గుడ్డితనం కూడా నటనేమోనని ఇంటికొచ్చాక అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా మరునాడు తెల్లవారుతూనే వాకిట్లోకి వెళ్ళి చల్లారిన బండి స్విచ్చి నొక్కాను. ఒక్క నొక్కుకే అందుకుంది. ఆ రోజు నుంచి ఏడు దాటి ల్యాబులో అడుగుపెట్టింది లేదు. ఇంకొకరిని చూసుకునే మాట యజమాని మళ్ళీ ఎత్తలేదు.

మూడు నెలలైందేమో, ఒక పొద్దున బెంచీ మీద ఆ దంపతులు కనబడ్డారు. పరగడుపు షుగర్ పరీక్ష. ఆ సమయంలో ల్యాబులో సూది పట్టేదాన్ని నేనొక్కదాన్నే, తప్పించుకునే దారి లేదు. ఆయన ఒక కాగితం కోసం బయటి కౌంటర్ దగ్గర ఆగిపోయాడు. కళ్ళు కనబడని మనిషి గొంతును బట్టే గుర్తుపడుతుందని, నేను మాస్కు పైకి లాక్కుని, గొంతు తగ్గించి, తమిళంలో పొడిపొడిగా చెయ్యి చాపమన్నాను. ఆమె చాపింది. రబ్బరు పట్టీ కట్టాను, నరం వెతికాను, దూది తడిపాను. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను. పదకొండేళ్ళలో నాకు అలా ఎప్పుడూ కాలేదు.

సూది దగ్గరికి తెచ్చేసరికి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బండి చల్లగా ఉండేటప్పుడు స్టార్ట్ అయితా ఉందా?" అంది తెలుగులో.

"ఒక్కసారికే అక్కా," అన్నాను.

"అట్లయితే కుట్టు," అని చెయ్యి మళ్ళీ నా ముందు పెట్టింది.