తాకట్టు కొట్లో పసుపుకొమ్ము

మొన్న మా ఆడపడుచు బాపట్ల నుంచి ఫోను చేసి, మనవరాలికి తెనాలిలో బంగారం మీద అప్పులిచ్చే కంపెనీలో ఉద్యోగం వచ్చిందనీ, ఏసీ గదిలో కూర్చుని చేసే పని అనీ, ఆదివారం ఆరాధనకి వెళ్లి గుడిలో కృతజ్ఞతార్పణ కూడా చెల్లించామనీ ఒకటే మురిసిపోయింది. పిల్ల బాగుండాలి, నాకూ సంతోషమే. కానీ నేను రేపల్లెలో తాకట్టు కొట్టు పెట్టిన కొత్తలో, వడ్డీ డబ్బుతో కాచిన కాఫీ తన గొంతు దిగదని చెప్పి, వాకిట్లో నుంచే తమ్ముణ్ణి పలకరించి వెళ్లిపోయింది ఈవిడే. అప్పుడు పాపమైన పని ఇప్పుడు కృతజ్ఞతార్పణ దాకా ఎలా వచ్చిందమ్మా అని అడగాలని నాలుక దాకా వచ్చింది గానీ, ఈ వయసులో ఆడపడుచుతో ఎందుకులెమ్మని ఊరుకుని, ఇదిగో ఇలా కాగితం ముందు కూర్చున్నాను.

మా పిల్లలు కూడా ఎవరైనా అడిగితే అమ్మ బిజినెస్ చేసేదని చెబుతారు. నేను పక్కనుంటే ఊరుకోను. తాకట్టు కొట్టు నడిపాను, వడ్డీ తీసుకున్నాను, ఆ వడ్డీతోనే మీకు ఫీజులు కట్టాను అని అక్కడికక్కడే సరిచేస్తాను. నా ఈడువాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, మనలో తాకట్టు కొట్టు మెట్లెక్కకుండా పిల్లల్ని పెంచినవాళ్లు ఎందరున్నారు గనక!

ఎనభైల మొదట్లో మా ఆయన రేపల్లెలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. యజమానులైన అన్నదమ్ములు కొట్టుకుని మిల్లుకి తాళం పడేసరికి, ఇద్దరు పిల్లలతో మేం రోడ్డు మీద పడ్డంత పనైంది. మా నాన్న మిషను స్కూల్లో మేస్టరు కాబట్టి ఆస్తులేం ఇవ్వలేదు గానీ, మా అమ్మ తన నగలు నాకు పెట్టింది. వాటిని అమ్ముకుని తినేకంటే వాటిని కుదువపెట్టి, వచ్చిన డబ్బుతో కొట్టు పెట్టమన్నది మా అమ్మ తమ్ముడు, తెనాలి మావయ్య. ఆయన తెనాలిలో ఒక సేటు దగ్గర తాకట్టు కొట్లోనే జుట్టు నెరిసిన మనిషి.

ఆ రోజు మా వరండాలో జరిగిన చర్చ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లాభాలన్నీ మావయ్య చెప్పాడు. సరుకు కుళ్లదు, పుచ్చదు, వాన పడితే తడవదు. బాకీ వసూలుకి ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు, వస్తువు మన దగ్గరే ఉంటుంది గనక వాళ్లే వస్తారు. ఊళ్లో పంటలున్నంత కాలం, పెళ్లిళ్లూ జబ్బులూ ఉన్నంత కాలం గిరాకీ ఉంటుంది. నష్టాలన్నీ మా ఆయన చెప్పాడు. దొంగ నగ చేతిలో పడితే పోలీసులు మన గడప తొక్కుతారు, రాగి మీద బంగారు పూత పెట్టినది అంటగడితే గుండె పగులుతుంది, బంధువులు ఏ వస్తువూ పెట్టకుండా అప్పడుగుతారు, లేదంటే జన్మలో మాట్లాడరు. రెండూ నిజమేనని తర్వాత అనుభవం మీద తెలిసింది. మా ఆయన జడిసినవన్నీ మాకు జరిగాయి కూడాను. కానీ అసలు నష్టం వాళ్లిద్దరూ చెప్పలేదు. అవసరానికి మెట్లెక్కినవాళ్లే అవసరం తీరాక బజార్లో మనల్ని చూసి మొహం తిప్పుకుంటారన్న సంగతి కొట్టు పెడితే గానీ తెలియదు.

కొన్నాళ్లు రోజూ పొద్దున్నే పాసింజరెక్కి, భట్టిప్రోలు దాటుకుంటూ తెనాలి వెళ్లి, మావయ్య పక్కన కూర్చుని గీటురాయి మీద బంగారం రుద్ది, మందు చుక్క వేసి రంగు చూడటం నేర్చుకున్నాను. ఆడమనిషివి నీకెందుకమ్మా అని సేటు నవ్వేవాడు గానీ, దాపరికం లేకుండా చెప్పేవాడు. అక్కడే నేను ఆ పళ్లెం చూశాను. గల్లాపెట్టె పక్కన ఒక ఇత్తడి పళ్లెంలో పసుపుకొమ్ములూ, పసుపు రాసిన దారపు పోగులూ ఉండేవి. పుస్తెలు తాకట్టు పెట్టడానికి వచ్చిన ఆడమనిషి ముందు ఆ దారానికి కొమ్ము కట్టి మెడలో వేసుకుని, ఆ తర్వాతే పుస్తెలు తీసి ఇచ్చేది. మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదు. పుస్తెలు తీసుకునే కొట్లో కొమ్ము లేకపోతే అది కొట్టే కాదని మావయ్య పాఠం. అందుకే రేపల్లెలో కొట్టు తెరిచిన రోజున, దుగ్గిరాల నుంచి ఆయనే ఏరి తెచ్చిన కొమ్ములతో ఒక పళ్లెం నా బల్ల మీద కూడా వెలిసింది.

కొట్టు నిలదొక్కుకుంది. నాట్లప్పుడు లోపలికొచ్చిన నగలు నూర్పిళ్లప్పుడు బయటికి వెళ్లేవి. మధ్యలో ఊరికే చూసిపోదామని వచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. చుట్టాలింట్లో పెళ్లి వస్తే, విడిపించుకోలేకపోయినా ఒకసారి చూపించమని అడిగేవాళ్లు. పొట్లం విప్పి చేతికిస్తే, ఆ గాజులు తొడుక్కుని, చేయి అటూ ఇటూ తిప్పి చూసుకుని, మళ్లీ తీసి ఇచ్చి నవ్వుతూ వెళ్లిపోయేవాళ్లు. అలా ఇవ్వడం తెలివితక్కువ పని అని మా ఆయన గొణిగేవాడు, అయినా నేను మానలేదు.

ఇక మా పెదమావగారి సంగతి. మా మావగారికి అన్నగారు, చర్చిలో సంఘపెద్ద, ఊళ్లో మాటకి తిరుగులేని మనిషి. వడ్డీ వ్యాపారం ఆయనకి మొదటి నుంచీ గిట్టదు, అయినా మిల్లు మూతపడిన సంగతి తెలుసు కాబట్టి పళ్లు బిగపట్టి ఊరుకున్నారు. పళ్లెం కంటపడ్డాక మాత్రం ఊరుకోలేదు. బాప్తిస్మం పుచ్చుకున్నదానివి, అన్యుల ఆచారాలకి సామాను అందిస్తావా, అది తీసేస్తే సరేసరి, లేకపోతే గుళ్లో రొట్టె తీసుకునే ప్రభు భోజనం బల్ల దగ్గరికి రాకూడదు అన్నారు. నా మెడలో ఉన్నవీ పుస్తెలేగా, సిలువ గుర్తు వేయించి పాస్టరయ్యగారి చేత ప్రార్థన చేయించి కట్టినవేగా, వాటికి లేని దోషం వీటికెందుకని నేను తగులుకున్నాను. నాకు మాట తక్కువైన రోజు లేదు. గొడవెందుకని మా ఆయనే పళ్లెం ఎత్తి లోపలి గదిలో పెట్టేశాడు. పెదమావగారు ఆ రోజు నుంచి పేపరు చదివే నెపంతో మా కొట్లో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

అలా ఉండగా ఒక శనివారం, ఏటిగట్టు పల్లె నుంచి ఒక అమ్మాయి పరుగున వచ్చింది. మొగుడు పొలంలో పురుగుమందు కొడుతూ పడిపోతే ఎవరో లారీలో తెనాలి ఆస్పత్రికి తీసుకుపోయారట. పాసింజరు అందుకోవాలి, మందులకి డబ్బు కావాలి, మెడలో పుస్తెలు తప్ప వేరే ఏమీ లేవు. చేయి మెడ దాకా వెళ్లి ఆగిపోయింది. బల్లంతా కళ్లతో వెతికింది.

“అమ్మా, ఒక కొమ్ము ఇయ్యండమ్మా. అక్కడ ఆయన ఆ మాదిరి పడుంటే బోసి మెడతో నేనెట్టా పోయేదమ్మా?”

నేను పెదమావగారి వైపు చూశాను. ఆ పిల్ల కూడా ఆయన వైపే తిరిగి, తాతయ్యా మీరైనా చెప్పండి అంది. ఆయన పేపరు దించకుండానే దేవుడి మీద భారం వెయ్యమ్మా అన్నారు.

“ఏశానండి. కొమ్ము కూడా ఇప్పించండి” అంది ఆ పిల్ల.

స్టేషన్లో రైలు కూత పెట్టింది. పుస్తెలు తీస్తే గానీ డబ్బు లేదు, కొమ్ము లేకుండా ఆ పిల్ల పుస్తెలు తీయదు. వస్తువు లేకుండానే ఇద్దామని డబ్బు తీశాను, ఏదీ పెట్టకుండా ముట్టనంది, అది దానమవుతుందట. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. లోపలి గదిలోకి వెళ్లి పళ్లెం తీసుకొచ్చి పెదమావగారి మోకాళ్ల ముందే బల్ల మీద పెట్టాను. దారాలు ఎండిపోయి రంగు వెలిసిపోయి ఉంటే, పొడి పసుపు నీళ్లలో కలిపి దారానికి పులిమి, ఆలస్యమవుతోందని నేనే కొమ్ము కట్టి మెడలో ముడి వేశాను. తను పుస్తెలు తీసి ఇచ్చి, డబ్బు కొంగున కట్టుకుని స్టేషను వైపు పరుగెత్తింది. రైలు అందింది. మొగుడు బతికాడు. బతికించింది డాక్టరు, అతన్ని ఆ డాక్టరు చేతిలో పెట్టిన దేవుడు. కొమ్ము కాదని నాకు తెలుసు. కానీ ఆ పిల్లని రైలెక్కించింది మాత్రం కొమ్మే.

పెదమావగారు పేపరు మడిచి లేచారు.

“రేపు ప్రభు బల్ల దగ్గరికి రాకమ్మాయ్. వస్తే నేనే లేపాల్సొస్తుంది” అన్నారు.

“వస్తానండి. లేపండి” అన్నాను.

ఇంట్లో మా ఆయన ఒక్క వారం ఆగమని బతిమాలాడు. ఒక్క వారం ఆగితే తప్పు ఒప్పుకున్నట్టేనని నేను ఆగలేదు. ఎంత తోమినా వేళ్ల పసుపు వదల్లేదు, వదిలించాలని గట్టిగా అనుకోనూ లేదు. ఆదివారం గుళ్లో అయ్యగారు పిలవగానే వెళ్లి, బలిపీఠం ముందు కటకటాల దగ్గర అందరితో పాటు మోకరించి దోసిలి పట్టాను. సంఘపెద్దగా పక్కనే నిలబడ్డ పెదమావగారు వంగి అయ్యగారి చెవిలో ఏదో చెప్పారు. అయ్యగారు నా చేతులకేసి చూసి, “ఏంటమ్మా ఆ పసుపు?” అని మెల్లగా అడిగారు. “ఒక అమ్మాయి మెడకి కొమ్ము కట్టానండి. నేను దానికి మొక్కలేదండి. ఆ పిల్ల భయపడుతుంటే కట్టానండి” అన్నాను. దోసిలి మాత్రం తీయలేదు. ఆయన రొట్టె నా చేతిలో పెట్టి పక్కవాళ్ల దగ్గరికి జరిగారు. పెదమావగారు పైకప్పు వైపు చూశారు. సోమవారం పళ్లెం బల్ల మీదే ఉంది, ఆయన కుర్చీ మాత్రం ఖాళీ. ఆ తర్వాత ఆయన కొట్టు మెట్లెక్కలేదు, నేను రమ్మనీ పిలవలేదు. ఆయన పోయేదాకా ఇద్దరం గుళ్లో ఎప్పుడూ కూర్చునే వరుసలోనే కూర్చున్నాం.

తొంభైల చివర్లో పిల్లలు స్థిరపడ్డాక, పొట్లాలన్నీ ఎవరివి వాళ్లకి చేర్చి కొట్టు మూసేశాను. గుడి కూడా మారింది. కొత్తగా కట్టినప్పుడు కటకటాలు తీసేశారు. ఇప్పుడు రొట్టె, ద్రాక్షరసం చిన్న కప్పుల్లో ట్రేలో పెట్టి ఎవరు కూర్చున్న చోటికి వాళ్లకే తెచ్చి ఇస్తారు. ఎవరి చేతికి ఏ రంగు ఉందో ఎవరూ చూడరు, ఎవరూ ఎవర్నీ లేపరు. మోకాళ్ల నొప్పులున్న నాలాంటి వాళ్లకి అది సుఖమేనని అందరూ అంటారు. సుఖమే, కాదనను. కానీ నేను దోసిలి తీయకుండా నిలబెట్టుకున్న చోటు అది, కూర్చున్న చోటికి వస్తే తీసుకోవడానికి నాకు మనసొప్పదు. అందుకే ట్రే నా వరుస దాకా వచ్చేలోపే లేచి, బెంచీలు పట్టుకుంటూ ఒక్కదాన్నే ముందుకి నడిచి, కటకటాలు లేని ఆ ఖాళీ గచ్చు మీద మోకరిస్తాను. కొత్తగా వచ్చిన అయ్యగారు ముసలమ్మ చాదస్తం అనుకుని, ట్రే పట్టుకుని వెనక్కి వచ్చి ఇస్తున్నారు. ఎందుకని అడగలేదు. అడిగితే చెబుతాను.