తుంబురు తీర్థం దారిలో పడింది నేను

నా బామ్మర్ది చెయ్యి విరిగింది వాడి తొందర వల్ల కాదు. నేను వాడి మీద పడడం వల్ల. ఈ మాట మా మామ ముందు చాలా ఏళ్లు చెప్పలేదు.

ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లో తుంబురు తీర్థానికి జనాన్ని వదులుతారు. అడవిలో రాళ్ల మీద, వాగుల వెంట పొద్దంతా నడక. చీకటి పడేలోగా పోయిన దారినే తిరిగి రావాలి. ఆ ఏడు బామ్మర్ది నన్నూ రమ్మన్నాడు. పూతలపట్టులో వాళ్ల నాయనకున్న లారీని వాడే నడిపేవాడు. నాకు నడక అలవాటు లేదని తెలిసి, ముందుగా అలిపిరి మెట్లెక్కి కాళ్లను సిద్ధం చేసుకోమన్నాడు.

నెలంతా తెల్లవారగానే బూట్లు వేసుకుని బయల్దేరాను. అలిపిరి దాకా బండి మీద పోయి, ఇడ్లీ తిని, మెట్లకు పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్లను కాసేపు చూసి ఇంటికి వచ్చేవాణ్ణి. ఎక్కానని అందరికీ చెప్పాను.

తీర్థానికి పోయేటప్పుడు ఏమీ కాలేదు. తిరుగుదారిలో తొడలు వణికాయి. ఒక బండ మీద కూలబడ్డాను. బామ్మర్ది నా సంచి కూడా భుజాన వేసుకున్నాడు.

“ఏం బావా, నెలంతా మెట్లెక్కినోడివి, ఈడ కూలబడితే ఎట్ల?”

“పులిహోర ఎక్కువైంది లేప్పా.”

“కడుపులోకి పోయింది గానీ కాళ్లలోకి దిగలేదే!”

వెనక వస్తున్న ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వుకే లేచాను.

“వాగుకాడ కొంచేపు ఆగుదాం బావా,” అన్నాడు.

“నాకేం కాలా, పదప్పా.”

పాచి పట్టిన బండ దిగుతుంటే మోకాలు మడతపడింది. కింద నిలబడి చెయ్యి అందిస్తున్న వాడి మీద పడ్డాను. నా బరువంతా వాడి కుడి మణికట్టు మీద.

మరునాడు కట్టు కట్టించడానికి పుత్తూరు తీసుకుపోయాం. కట్టు కట్టే ఆయన ఎముక తడిమి చూస్తూ, “ఎట్ల పడినావప్పా?” అన్నాడు. బామ్మర్ది నా వైపు చూశాడు. మామ పక్కనే ఉన్నాడు. జవాబు నేను చెప్పాను.

“తొందర వీడికి. నిదానంగా పో అన్నా వినలా.”

వాడు నోరు తెరిచాడు. అంతలో వెదురుబద్దలు పెట్టి గుడ్డ బిగించారు, పళ్లు బిగబట్టాడు. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. అక్క మొగుణ్ణి అబద్ధాలకోరని నాయన ముందు అనే ఇల్లు కాదు అది. అల్లుడు చెప్పిన మాటకు మామ సాక్ష్యం అడగలేదు.

“కాలు నిదానం లేనోడికి స్టీరింగు ఇయ్యను,” అన్నాడు.

చెయ్యి బాగయింది. లారీ తాళాలు మాత్రం తిరిగి రాలేదు. మామిడికాయల కాలం వచ్చినప్పుడల్లా కూలి డ్రైవరు సీట్లో కూర్చునేవాడు, బామ్మర్ది వెనక కాయలెత్తేవాడు. పండక్కో పబ్బానికో నేను పోతే ఎప్పటిలాగే “రా బావా” అనేవాడు.

మొన్న కాయల కాలంలో పోయినప్పుడు బామ్మర్ది వాకిట్లో లారీకి కాయలెత్తుతున్నాడు, మామ తిన్నె మీద ఉన్నాడు. నిలబడే చెప్పాను.

“మామా, ఆ పొద్దు తీర్థం దారిలో కాలు జారింది నాకు. వాడి మీద పడినాను. మెట్లు ఎక్కినానన్నదీ అబద్ధమే.”



“ఇన్నేండ్లా?” అన్నాడు మామ.

బామ్మర్ది లారీ వెనక నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“తప్పు నాదప్పా,” అన్నాను. “వాగుకాడ ఆగుదామని నువ్వంటివి, నేనే వినలా. మీ నాయనకు పుత్తూర్లోనే చెప్పుండాల్సింది. నన్ను మన్నించు.”